రక్తంలో క్లెబ్సియెల్లా: కిడ్నీ మార్పిడి తర్వాత నా అనుభవం

అమ్మ ఇచ్చిన కిడ్నీ నాకు అమర్చి రెండు నెలలు నిండకముందే చలిజ్వరం పట్టుకుంది. మార్పిడి చేయించుకున్నవారు జ్వరం వస్తే ఇంట్లో ఏ యాంటీబయాటిక్కూ వేసుకోకుండా నేరుగా రావాలని డిశ్చార్జి నాడే చెప్పి ఉన్నారు కనుక, ఆ రాత్రే ఖమ్మం నుంచి హైదరాబాద్ బయలుదేరాం.

ఎమర్జెన్సీలో ముందుగా బ్లడ్ కల్చర్ తీశారు, అంటే రక్తంలో క్రిమి ఉందేమో సీసాలో పెంచి చూసే పరీక్ష. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగి, సీసాల రబ్బరు మూతలను కూడా స్పిరిట్‌తో తుడిచి, రెండు చేతుల నుంచీ విడివిడిగా, సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున రక్తం నింపారు. నా వణుకు చూడలేక నాన్న తొందరపడితే, "రెండు నిమిషాలు అంకుల్, ముందే మందు పడితే సీసాలో క్రిమి పెరగకపోవచ్చు" అన్నారు సిస్టర్. నా ప్రాణం నిలవడానికి ఆ రెండు నిమిషాలే కారణమని నేను నమ్ముతున్నాను.

వెంటనే మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఎక్కించినా జ్వరం తగ్గలేదు. రక్తంలో ఉన్నది క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా అని, మెరోపెనెమ్‌కు అది లొంగదని కల్చర్‌లో తేలింది. రిపోర్టులో దాదాపు ప్రతి మందు పక్కనా 'ఆర్' అనే అక్షరమే ఉంది, అంటే ఆ మందుకు క్రిమి లొంగదని. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వవచ్చు గాని, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆ క్రిమిలో ఉన్న ఎన్‌డీఎం అనే ఎంజైమ్ మెరోపెనెమ్‌ను విరగ్గొట్టగలదు గాని అజ్‌ట్రియోనామ్ అనే మరో యాంటీబయాటిక్‌ను విరగ్గొట్టలేదు. అజ్‌ట్రియోనామ్‌ను పాడుచేసే ఇతర ఎంజైములను అవిబాక్టమ్ అడ్డుకుంటుంది. అందుకే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌నూ అజ్‌ట్రియోనామ్‌నూ కలిపి మొదలుపెట్టారు. ఖర్చు మా శక్తికి మించినదే.

అంతకన్నా కష్టమైన నిర్ణయం రోగనిరోధక శక్తిని అణచే మందుల గురించి. వాటిని తగ్గించకపోతే శరీరం క్రిమితో పోరాడలేదు, మరీ తగ్గిస్తే కొత్త కిడ్నీని తిరస్కరిస్తుంది. "కిడ్నీ సంగతి తర్వాత సార్, ముందు బిడ్డను బతికించండి" అని డాక్టర్‌తో అమ్మే అన్నది. ఆ మందుల్లో మైకోఫినోలేట్ ఆపి, ప్రెడ్నిసోలోన్ కొనసాగిస్తూ, ఉదయపు మోతాదుకు ముందు రక్తం తీసి అందులో మందు స్థాయి చూసుకుంటూ టాక్రోలిమస్ తగ్గించారు. మూత్రంలోనూ అదే క్రిమి కనిపించడంతో, మూత్రనాళంలో ఉంచిన డీజే స్టెంట్ అనే సన్నని గొట్టాన్ని తీసేశారు.

తర్వాతి కల్చర్లలో ఏమీ పెరగలేదు. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ కొద్దిగా పెరిగి మళ్లీ దిగింది. రక్తంలో లేకపోయినా ఆ క్రిమి పేగుల్లో నెలల తరబడి ఉండిపోవచ్చు కనుక, ఇప్పుడు ఎక్కడ అడ్మిట్ అయినా ముందు ఆ కల్చర్ రిపోర్టే చేతికిస్తున్నాను. దాన్ని చూశాక వారు, ఆ క్రిమి ఇతరులకు అంటకుండా నాకు విడి గది ఇచ్చి, గౌనూ గ్లౌజులూ వేసుకునే లోపలికి వస్తున్నారు.