ఐదు కిటికీల వెనుక వెనిస్

వెనిస్‌లో మా బస కన్నారెజియో ప్రాంతంలో. శనివారం ఉదయం సామాను గదిలో పెట్టి, ముందుగా దగ్గరలోనే ఉన్న యూదుల మ్యూజియానికి బయలుదేరాము. తీరా వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. శనివారం యూదులకు విశ్రాంతి దినమన్న సంగతి ప్రయాణపు హడావిడిలో గుర్తుకు రాలేదు. పదహారో శతాబ్దపు సినగాగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, మ్యూజియం ఉన్న ఈ చౌకం చుట్టూనే ఉన్నాయని చదివి ఉండటంతో వాటి కోసం నలువైపులా వెదికాను. రంగు వెలసిన ఎత్తైన ఇళ్లు, రాతి ఒరలున్న నూతులు తప్ప గోపురం గానీ, శిఖరం గానీ కనిపించలేదు.

ఆ రోజును చర్చిలకు కేటాయించాము. సాంతా మరియా దెయ్ మిరాకోలి చిన్న చర్చి. పియెత్రో లొంబార్దో 1481లో మొదలుపెట్టి 1489 నాటికి పూర్తి చేసిన ఆ కట్టడానికి లోపలా బయటా పాలరాతి పలకలే. ఇరుకైన కాలువ ఒడ్డున లేత గులాబి, బూడిద, తెలుపు రంగుల రాళ్లు నీళ్లలో ప్రతిఫలిస్తూ ఉంటాయి. ఆ పాలరాయి మరునాడు నాకు మళ్లీ గుర్తుకు వచ్చింది.

మధ్యాహ్నం ఫ్రారి చర్చికి వెళ్లాము. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కట్టించుకున్న ఈ చర్చి బయటికి ఆడంబరం లేని ఇటుక కట్టడం. లోపల గాయకులు కూర్చునే చెక్క ఆసనాల వరుసలకు ముందు ఒక రాతి తోరణం ఉంది. ద్వారం దగ్గర నిలబడి చూస్తే, ఎక్కడో దూరాన ఉన్న ప్రధాన బలిపీఠం మీది చిత్రం సరిగ్గా ఆ తోరణం మధ్యలో అమరినట్లు కనిపిస్తుంది. అది తీషియన్ గీసిన మరియమాత మోక్షారోపణం. 1516లో ఒప్పుకొని 1518లో పూర్తి చేసిన, దాదాపు ఏడు మీటర్ల ఎత్తున్న చిత్రం. కింద చేతులు పైకెత్తిన అపొస్తలులు, నడుమ మబ్బుల మీద ఎర్రని వస్త్రంలో మరియమాత, పైన ఆమె కోసం ఎదురుచూస్తున్న తండ్రి దేవుడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ చిత్రాన్ని ఇక్కడి నుంచి తీసి అకాదెమియా చిత్రశాలలో పెట్టారు. తిరిగి బలిపీఠం చేరింది 1919లోనే. దగ్గరికి వెళ్లి చూశాను, వెనక్కి నడిచి చూశాను. ఇంత పొడవైన చర్చిని, ఈ దూరాన్ని, వెనుక కిటికీల నుంచి పడే వెలుగును లెక్కలోకి తీసుకుని గీసిన బొమ్మను మరో గోడకు తగిలిస్తే అందులో కొంత పోకుండా ఉండదని నా నమ్మకం. ఆ చిత్రకారుణ్ణి సమాధి చేసినది కూడా ఆ చర్చిలోనే.

ఆదివారం మ్యూజియం గైడ్‌తో కలిసి సినగాగులు చూశాము. 1516 అన్న సంవత్సరాన్ని ఆవిడ నోట విని ఉలిక్కిపడ్డాను. ఫ్రారి సన్యాసులు తీషియన్‌కు ఆ చిత్రం అప్పగించిన ఏడాదే, మార్చి 29న, నగరంలోని యూదులందరూ చుట్టూ కాలువలున్న ఈ చిన్న దీవిలోనే నివసించాలని వెనిస్ సెనేట్ శాసించింది. రాత్రి ద్వారాలు మూసేవారు. వైద్యుల వంటి కొద్దిమందికి తప్ప రాత్రిపూట బయట తిరిగే హక్కు లేదు. ఆ ద్వారాలకు కాపలా కాసే క్రైస్తవ భటుల జీతాలు కూడా యూదులే చెల్లించవలసి వచ్చింది. అంతకు ముందు అక్కడ లోహం పోతపోసే కార్ఖానా ఉండేది. దాన్ని వెనిస్ మాటలో ‘గెతో’ అనేవారు. ప్రపంచంలో ఏ మూలనైనా మనుషులను వెలివేసి ఉంచిన పేటలకు వాడే ‘ఘెట్టో’ అన్న మాట ఇక్కడే పుట్టిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

జనం పెరిగినా దీవి పెరగలేదు. అందుకే ఇళ్ల మీద ఇళ్లు వేసి ఏడెనిమిది అంతస్తుల దాకా లేపారు, తలకు తగిలేంత తక్కువ ఎత్తులో కప్పులు వేసుకున్నారు. ప్రార్థనా మందిరానికీ ఆకాశానికీ మధ్య మనిషి నివాసం ఉండరాదన్న ఆచారం వల్ల సినగాగులను పై అంతస్తులలో కట్టారు. ఇరుకు మెట్లెక్కి స్కోలా తెదెస్కాలో అడుగుపెట్టాము. 1528లో జర్మనీ ప్రాంతపు యూదులు నెలకొల్పిన మందిరం అది. గది ఆకారం వంకరటింకర, అయినా ఆ వంకర తెలియకుండా పైన స్త్రీల కోసం కోడిగుడ్డు ఆకారంలో బాల్కనీ చుట్టారు. గోడలు పాలరాయిలా మెరుస్తున్నాయి. అది పాలరాయి కాదు, సున్నపు గచ్చును నునుపు చేసి తెచ్చిన మెరుపు. యూదులకు పాలరాయి వాడే అనుమతి లేదని గైడ్ చెప్పారు. ముందురోజు చూసిన మిరాకోలి గోడలు కళ్లముందు మెదిలాయి. ఆ చెక్కా గచ్చుల గదే నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది, ఎందుకంటే అక్కడ ప్రతి అంగుళంలోనూ లేనిదాన్ని చేత్తో సాధించుకున్న పట్టుదల కనిపిస్తుంది. పక్కనున్న స్కోలా కాంతొన్‌లో ఎర్ర సముద్రాన్ని దాటడం వంటి బైబిల్ ఘట్టాలను చెక్క పలకల మీద చిత్రించారు. ఏ పలకలోనూ మనిషి ముఖం ఉండదు.

మ్యూజియంలోని వెండి సామగ్రిని, యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్టలకు తొడిగే పట్టు వస్త్రాలను త్వరగానే చూసి చౌకంలోకి వచ్చాము. అక్కడ గోడకు, నాజీలకు బలైన యూదుల స్మృతిగా శిల్పి ఆర్బిత్ బ్లాతాస్ చేసిన కంచు ఫలకాలున్నాయి. 1943, 44 సంవత్సరాలలో ఈ నగరం నుంచి రెండు వందల మందికి పైగా యూదులను నాజీ శిబిరాలకు తరలించారు. తిరిగి వచ్చినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అప్పటి యూదు సమాజ అధ్యక్షుడు, వైద్యుడు జుసెప్పె జోనా, తనవారి పేర్ల జాబితా శత్రువుల చేతికి అందకుండా చేసి, 1943 సెప్టెంబరులో ప్రాణం తీసుకున్నారు. ఆ ఫలకాల ముందు మేమెవరమూ మాట్లాడుకోలేదు.

సోమవారం అకాదెమియాలో ఎక్కువసేపు వెరొనేసె చిత్రం ముందే గడిపాను. దాదాపు 13 మీటర్ల వెడల్పున్న ఆ విందు దృశ్యాన్ని 1573లో ఒక మఠపు భోజనశాల కోసం యేసు కడరా విందుగా గీశారు. పవిత్రమైన విందులో విదూషకులు, జర్మన్ సైనికులు ఎందుకని మతవిచారణ సభ నిలదీస్తే, బొమ్మలు చెరపకుండా పేరు మాత్రం ‘లేవీ ఇంట విందు’గా మార్చారు. ఆ చిత్రశాలలో మఠాల నుంచి, చర్చిల నుంచి వచ్చిన చిత్రాలు అనేకం. 1797లో నెపోలియన్ సైన్యం రావడంతో ఘెట్టో ద్వారాలు ఊడబెరికారు. కొన్నేళ్లకే నెపోలియన్ పాలన ఎన్నో మఠాలను రద్దు చేసింది; వాటి చిత్రాలలో కొన్ని ఇక్కడికి చేరాయి.

సాయంత్రం రైలుకు వెళ్తూ, దారి కొంచెం చుట్టయినా సామానుతో ఆ చౌకం మీదుగానే నడిచాము. శనివారం నాకేమీ కనిపించని గోడమీద, పై అంతస్తులో వరుసగా ఐదు కమాను కిటికీలు కనిపించాయి. తోరాలోని మోషే పంచకాండాలకు గుర్తుగా ఐదు. వాటిలో కొన్నింటిని ఇటుకలతో మూసేశారు.