రెరా నంబరొచ్చింది

ఏపీ రెరాలో, అంటే మన రాష్ట్రంలో రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే సంస్థలో, ఏజెంట్‌గా నా రిజిస్ట్రేషన్ వచ్చేసింది. ఐదేళ్లు చెల్లుతుంది. ఆ స్కానింగులు, అప్‌లోడుల గోల చెప్పి మిమ్మల్ని విసిగించను.

"పొలం బేరాలకి సర్టిఫికెట్ ఏంట్రా?" అని భీమవరం బాబాయి ఒకటే నవ్వు. నిజమే, వరిచేనుకో చేపల చెరువుకో బేరం కుదర్చడానికి ఇది అక్కర్లేదు. కానీ 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో ప్లాటు అమ్మించాలంటే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఆ వెంచర్‌కీ రెరా నంబరుండాలి, మధ్యలో ఉన్న నాకూ ఉండాలి. లేకపోతే నాకు రోజుకు 10,000 రూపాయల జరిమానా, అలా పెరిగి ప్లాటు ధరలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. మనకి కమీషన్ రెండు శాతం రావడమే గగనం, లెక్క మీరే వేసుకోండి!

మన డెల్టాలో చేలో నాలుగు లారీల మట్టి తోలి, రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టేస్తే చాలు, లేఅవుట్ అయిపోయిందంటారు. అప్రూవల్ అడిగితే "పంచాయతీది ఉందండీ" అంటారు. గల్ఫ్‌లో కష్టపడిన డబ్బు తెచ్చి అందులో పోసేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతుంది.

నిన్న పాలకొల్లు వైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి, కమీషన్ డబుల్ ఇస్తానన్నాడు. వెంచర్ నంబరడిగాను. "అప్లై చేశామండీ" అన్నాడు. వచ్చాక మాట్లాడదామన్నాను.