45 నిమిషాల్లో 31 నావే

14 ఏళ్లుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్నదానికి దరఖాస్తులోని మొదటి ప్రశ్నకే చెమటలు పట్టాయంటే నవ్వొస్తుంది గాని, నాకు నిజంగానే పట్టాయి. పెద్దవాళ్లకు ఇంగ్లీషు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పే కేంబ్రిడ్జ్ వారి సెల్టా కోర్సుకు దరఖాస్తు పెట్టుకుంటే ముందుగా ఒక ప్రశ్నాపత్రం పంపారు. ఇంట్లో కూర్చుని రాసి పంపాలి. ‘ఐదేళ్లు ఇక్కడ ఉన్నాను’, ‘ఐదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అనే అర్థాలకు ఇంగ్లీషులో వాడే రెండు వాక్యాలిచ్చి, తేడా ఏమిటో, దాన్ని విద్యార్థికి ఎలా తెలియజేస్తారో రాయమన్నారు. నేను పేజీన్నర రాశాను. పాస్ట్ సింపుల్, ప్రెజెంట్ పర్ఫెక్ట్, క్రియ మూడో రూపం, ఏదీ వదల్లేదు.

ఇంటర్వ్యూ చేసినాయన అంతా చదివి, “బాగుంది. ఇదంతా విన్న విద్యార్థి, ఆ మనిషి ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్నాడో లేడో చెప్పగలడా?” అని అడిగారు. నాకేమీ తోచలేదు. ఆ ప్రశ్నే విద్యార్థిని అడగమన్నారు. ఇప్పుడు ఉంటున్నాడా? వెళ్లిపోయాడా? ఎప్పుడు వచ్చాడు? అంతే. ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. మన ‘ఉంటున్నాను’ వర్తమానంలోనే ఉంటుంది. అందుకే మా పిల్లలు ఇంగ్లీషులోనూ వర్తమానమే వేస్తారు. దానికి 14 ఏళ్లుగా ఎర్రసిరాతో సున్నాలు చుట్టానే తప్ప, తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టి ఒక్కసారీ చూపించలేదు.

అసలీ కోర్సు జోలికి ఎందుకు వెళ్లానంటే, 2020 మార్చిలో బడులు మూతపడ్డాక మాకు సగం జీతమే వచ్చింది. ఫోనులో పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతూ ఆ ఏడాది గడిపాను. విదేశీ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో చెబితే నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయని విని ప్రకటనలు చూస్తే, చాలా చోట్ల ఇంగ్లీషు బోధనలో 120 గంటల సర్టిఫికెట్ కావాలన్నారు. చవకగా దొరుకుతోందని ఒకటి కొన్నాను. ఆ 120 గంటల కోర్సు శని, ఆదివారాల్లో అయిపోయింది. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర కూడా ఉంది. దాన్ని చూసి పని ఇచ్చినవారు మాత్రం ఎవరూ లేరు.

వేరే దారులు లేకపోలేదు. నా స్నేహితురాలు హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో దూరవిద్య ద్వారా పీజీసీటీఈ, అంటే ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్ చేసింది. భాషాశాస్త్రం మీద ఆసక్తి ఉంటే దానికి సాటి లేదు. ప్రభుత్వ బడిలో పనిచేసే మా చెల్లెలు ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో టీచర్ల శిక్షణకు పెట్టిన నిష్ఠ కోర్సులు 18 పూర్తి చేసింది. కేంబ్రిడ్జ్ వారిదే టీకేటీ అని, టీచర్లకు బోధన గురించి ఎంత తెలుసో చూసే ఇంకో పరీక్ష ఉంది. ఒక్కో మాడ్యూలుకు 80 నిమిషాల్లో 80 ప్రశ్నలు. తప్పడం అంటూ ఉండదు, 1 నుంచి 4 వరకు బ్యాండు ఇస్తారు. ఖర్చు తక్కువ. వేరే చోట పనిచేస్తూ తీరిక లేనివారికి నేను ముందు దాన్నే చెబుతాను. కానీ నేను పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని చూసేవారు నాకు కావలసి వచ్చింది. సెల్టాలో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, అనుభవజ్ఞుల పాఠాలు 6 గంటలు చూడాలి, నాలుగు వ్యాసాలు రాయాలి. కోవిడ్ తరవాత ఇదంతా ఆన్‌లైన్‌లోనే చేసే వీలు కలిగింది. ఫీజు నా నాలుగు నెలల జీతం. గాజులు బ్యాంకులో పెట్టాను.

పాఠాలు 45 నిమిషాల చొప్పున ఎనిమిది. విద్యార్థులు ఉచితంగా నేర్చుకోవడానికి వచ్చే పెద్దవాళ్లు. బ్రెజిల్ నుంచి ఒక నర్సు, టర్కీ నుంచి ఒక ఇంజనీరు, ఇంకా నలుగురైదుగురు. మాకు పాఠం చెప్పడం నేర్పే ఆయన కెమెరా ఆపేసి ఒక మూల నల్లటి గడిలా ఉండి, చూస్తూ టైపు చేసుకుంటారు. అక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు. నాకు చివరిదాకా నోరు రాలేదు, ‘సర్’ అనే అన్నాను.

మూడో పాఠం మునిగిపోయింది. విద్యార్థులను ఇద్దరిద్దరుగా విడి గదుల్లోకి పంపే మీట ముందే నొక్కేసి, చేయవలసిన పని ఆ తరవాత చెప్పబోయాను. తీరా చూస్తే నా ఎదురుగా ఎవరూ లేరు. ఖాళీ తెర, నల్లటి గడి. పరుగున మొదటి గదిలోకి వెళితే నర్సూ ఇంజనీరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. సరే, కాగితం చూడండి అని లింకు పంపాను. దానికి అనుమతి ఇవ్వడం మరిచిపోయాను. అనుమతి కావాలంటూ అభ్యర్థనలు నా మెయిలుకు టపటపా వచ్చి పడ్డాయి. అవి ఒక్కొక్కటే ఒప్పుకునేసరికి సమయం అయిపోయింది.

పాఠం ప్రమాణానికి అందలేదని రాశారు. దానికి బాధపడలేదు, అది నాకూ తెలుసు. కింద ఇంకో వాక్యం ఉంది: ‘45 నిమిషాల్లో మీరు 31 నిమిషాలు మాట్లాడారు.’ కూర్చుని గడియారం పెట్టి లెక్కేశారన్నమాట. మా అత్తగారు నా మొదటి పాఠం రోజున “నీ గొంతు వీధి చివరికి వినిపించిందమ్మా” అని మురిసిపోయారు. బడిలో నాకున్న పేరు కూడా అదే, గొంతున్న టీచరు.

మాట్లాడకుండా ఉండటం నాకు చేతకాలేదు. ప్రశ్న అడిగి మూడు లెక్కపెట్టేలోగా జవాబు నేనే చెప్పేసేదాన్ని. చివరికి బల్ల మీద స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టుకున్నాను. ప్రశ్న అడగడం, గ్లాసు ఎత్తి ఒక గుక్క నోట్లో పట్టి ఉంచడం. నోట్లో నీళ్లుంటే మాట్లాడలేం కదా! ఆ నిశ్శబ్దం మొదట్లో నరకంలా ఉండేది. ఆరో పాఠంలో నర్సు ఆ ఖాళీలోనే తన రాత్రి డ్యూటీ గురించి ఆగకుండా చెప్పుకుపోయింది. నేను రెండోసారి గ్లాసు నింపుకున్నాను.

వ్యాసాల్లో ఒకటి ఒక విద్యార్థి కష్టాన్ని పట్టుకుని పరిశీలించడం. నేను టర్కీ ఇంజనీరును ఎంచుకున్నాను. అతనికి ‘వి’, ‘డబ్ల్యూ’ అక్షరాల ధ్వనులు కలిసిపోతాయి. ద్రాక్షతీగకూ ద్రాక్షసారాకూ, బనియనుకూ పడమర దిక్కుకూ తేడా పలకలేడు. అతను పలికినవి వింటూ నోట్సు తెలుగులో రాసుకున్నాను. చూసుకుంటే వైన్, వైన్. వెస్ట్, వెస్ట్. నా కాగితం మీద తేడా లేదు. నా నోట్లో ఉందా? రికార్డు చేసి విన్నాను. లేదు. మనకున్నది ఒకటే ‘వ’ మరి.

అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ‘వి’కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. రెండోదానికి పళ్లతో పనిలేదు, ఈల వేయబోయినట్టు పెదవులు సున్నా చుట్టాలి. ఆ తరవాత ఫోను కెమెరాను నోటికి దగ్గరగా పెట్టుకుని అతనికి చూపించాను, అతను తనది చూపించాడు. ఇద్దరి నోళ్లూ తెర నిండా. మా అబ్బాయి తొంగి చూసి భయపడ్డాడు. ఆ వ్యాసం 1,000 పదాల హద్దు దాటిందని వెనక్కి వచ్చింది. దిద్ది పంపే అవకాశం ఒక్కసారే. ఉపోద్ఘాతం మొత్తం కొట్టేశాను.

‘పాస్’ వచ్చింది. ‘ఎ’ కాదు, ‘బి’ కాదు, ఉత్త పాస్.

పని వెంటనే దొరకలేదు. మాతృభాష ఇంగ్లీషైనవారే కావాలని ఒక సంస్థ మొహం మీదే చెప్పింది. ఇంకొకటి నమూనా పాఠం వీడియో తీసుకుని, జవాబే ఇవ్వలేదు. మూడోది తీసుకుంది. డబ్బు 25 నిమిషాల పాఠానికి ఇంతని. విద్యార్థి రాకపోతే సగం. తెల్లవారుజామున ఐదున్నరకు బ్రెజిల్‌లో ఒక పెద్దాయనకు చెబుతాను, అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. ఆయన నా ఉచ్చారణ గురించి ఎప్పుడూ అడగలేదు. తన కూతురు పెళ్లిలో ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పాలి, అదే ఆయన బెంగ. గాజులు 14 నెలలకు విడిపించాను. కొత్తగా కొన్న హెడ్‌సెట్ డబ్బు ఇంకా రాలేదనుకుంటాను, ఆ లెక్క వేయడం మానేశాను.