అమ్మను డాలస్ పంపడం: టికెట్ మీద కనబడని గంటలు

వదిన పురుడుకని అమ్మను డాలస్ విమానం ఎక్కించాను. క్షేమంగా దిగిందని అన్నయ్య ఇందాకే ఫోన్ చేశాడు. ఆ టికెట్ ఏజెన్సీ మీద కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నానక్‌రామ్‌గూడలో వీసా ఇంటర్వ్యూ, శంషాబాద్‌లో వీల్‌చైర్, అన్నీ సాఫీగా జరిగాయి. నన్ను ఏడిపించింది ఒక్కటే: మొత్తం ప్రయాణం ఎన్ని గంటలు?

అమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది. "ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఎన్ని గంటలో, మధ్యలో ఎక్కడ ఎంతసేపో రాసుకురామ్మా, దాన్నిబట్టి డోసులు సర్దుతాను" అన్నారు డాక్టర్‌గారు. టికెట్ మీదేమో తెల్లవారుజామున 4:30కి హైదరాబాద్‌లో బయలుదేరి, అదే తేదీ సాయంత్రం 5కి డాలస్‌లో దిగుతుందని ఉంది. ఏజెన్సీకి వెళ్లి అడిగాను. కౌంటర్‌లో అబ్బాయి తల కూడా ఎత్తలేదు. "పన్నెండున్నర గంటలు మేడమ్, కనబడట్లేదా?" అన్నాడు. మరి టైమ్ తేడా సంగతేమిటి అంటే, వెనకున్న వాళ్లందరికీ వినబడేలా "లెక్కలు రానివాళ్లు కూడా అమెరికా టికెట్లు కొనేస్తున్నారు" అని నవ్వి, నెక్స్ట్ అని పిలిచాడు. లైన్‌లో ఉన్నవాళ్లూ నవ్వారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నేనడిగింది మా అమ్మ ప్రాణానికి సంబంధించిన లెక్క. పెద్దవాళ్ల టికెట్ల మీద బతికేవాళ్లకు ఈమాత్రం తెలియకపోతే ఎలా? తెలియనప్పుడు నోరైనా మంచిగా ఉండొద్దా?

ఇంటికొచ్చి నేనే లెక్క కట్టాను. టికెట్ మీద వేసేది ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. డాలస్ వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. ఆ పన్నెండున్నరకు పదిన్నర కలిపితే 23 గంటలు. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు ఆగాలి. దుబాయ్ నుంచి డాలస్ దాదాపు 12,900 కిలోమీటర్లు, ఏకబిగిన పదహారు గంటలు. మన ఊరి నుంచి నేరుగా అయితే 14,400 కిలోమీటర్లే గానీ, నేరుగా వెళ్లే విమానమే లేదు.

నా కాగితం చూసి డాక్టర్‌గారు "ఇంత వివరంగా ఎవరూ తేరమ్మా" అన్నారు. ఇప్పుడు మా కాలనీలో ఎవరు అమెరికా వెళ్తున్నా టికెట్ పట్టుకుని నా దగ్గరికే వస్తున్నారు.

ఇన్సులిన్ చేతి బ్యాగులోనే పెట్టండి, లగేజీలో వేయొద్దు. గడ్డకడితే ఇక పనికిరాదు. డాక్టర్ చీటీ పక్కనే ఉండాలి. అమ్మ చేతి గడియారాన్ని డాలస్ చేరేదాకా మన టైమ్ మీదే ఉంచమన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, మొత్తం గంటలు కాగితం మీద రాసివ్వని ఏజెన్సీకి డబ్బు కట్టకండి.

తిరుగు ప్రయాణం లెక్క కూడా వేసి అన్నయ్యకు పంపేశాను. పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలులు తోస్తాయి కాబట్టి డాలస్ నుంచి దుబాయ్‌కి గంటో, ఇంకాస్తో తగ్గుతుంది. అమ్మ వచ్చేది డిసెంబర్‌లో, అందుకని తేడా పదకొండున్నర గంటలు పట్టుకుని వేశాను.