గల్ఫ్‌లో కట్టుబాట్లు ఎవరికి సడలాయి?

సౌదీలో ఒకప్పుడు మనవాళ్లకు పోలీసులకంటే, మత నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే ముతవ్వలంటేనే ఎక్కువ భయం. 2016 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం వాళ్లకు అరెస్టు చేసే అధికారం తీసేసింది. 2018లో సినిమా హాళ్లు తెరిచారు, ఆడవాళ్లకు డ్రైవింగ్ లైసెన్సులిచ్చారు. 2020 నవంబరులో యూఏఈ, పెళ్లికానివాళ్లు ఒకే ఇంట్లో ఉండటాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. దుబాయ్ హోటళ్లు 2021 నుంచి రంజాన్ పగటిపూట తినేవాళ్లు కనబడకుండా పరదాలు కట్టనక్కర్లేదు.

గల్ఫ్ మారిందన్నది నిజమే. కానీ ఆ సడలింపు ఎక్కువగా టూరిస్టుకూ, పెద్ద జీతగాడికీ అందింది. కూలీల క్యాంపులో ఉండే జగిత్యాల కుర్రాడికి, కువైట్ ఇళ్లల్లో పనిచేసే రాయచోటి ఆడమనిషికి అందింది చాలా తక్కువ.

మందు సంగతే చూడండి. దుబాయ్‌లో 21 ఏళ్లు నిండిన ముస్లిమేతరులు లైసెన్సుతో కొనుక్కోవచ్చు. పక్కనే ఉన్న షార్జాలో పూర్తి నిషేధం. పని దుబాయ్‌లో, గది షార్జాలో ఉన్నవాళ్లు సీసా బ్యాగులో పెట్టుకుని వస్తే కేసే. కువైట్‌లో అమ్మకమే లేదు కాబట్టి దొంగసారా నడుస్తుంది. 2025 ఆగస్టులో అక్కడ మిథనాల్ కలిసిన మందు తాగి 23 మంది చనిపోయారు. వాసన చూసో రుచి చూసో మిథనాల్‌ని కనిపెట్టలేం. తాగిన వెంటనే ఏమీ తెలియదు. చాలాసార్లు 12 నుంచి 24 గంటలు గడిచాక కడుపునొప్పి, ఆయాసం, చూపు మసకబారడం మొదలవుతాయి. కేసవుతుందని, అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుందని గదిలోనే పడుకోబెడతారు. అక్కడే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. చూపు మసకబారిందంటే ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లి తాగిన విషయం దాచకుండా చెప్పండి. విరుగుడు మందుంది, డయాలిసిస్ ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ అవి పనిచేయవు.

ఇక కాన్పు. యూఏఈలో 2022 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం, పెళ్లి కాకుండా బిడ్డ పుడితే తల్లిదండ్రులు పెళ్లి చేసుకోవాలి, లేదా ఇద్దరూ గానీ ఒకరు గానీ బిడ్డ మాదేనని ఒప్పుకుని కాగితాలు తీయించాలి. లేకపోతే జైలు. పెళ్లయినవాళ్లకూ బిడ్డ కాగితాల కోసం పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి, గుడి రసీదు, పెళ్లి ఫోటోలు చెల్లవు. దానిమీద వరసగా రాష్ట్ర ప్రభుత్వం, మన విదేశాంగ శాఖ, మన దేశంలోని యూఏఈ ఎంబసీ, చివరికి యూఏఈ విదేశాంగ శాఖ ముద్రలు పడాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటే తిప్పి పంపిస్తారు. బయల్దేరకముందే ఊళ్లో సరిచేయించుకోండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం మనవాళ్ల కాపలా. ఫలానా ఆవిడ ఎవరితోనో పార్కులో కూర్చుందని చాటుగా వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆమె పంపిన డబ్బుతో నడిచే ఇంట్లో ఆమెకే చోటు లేకుండా పోతుంది. యూఏఈలో అనుమతి లేకుండా అలా తీసి పంచడం నేరం. కనీసం ఆరు నెలల జైలు, లక్షన్నర నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండింటిలో ఒకటి. బాధితులు ఆ మెసేజీ, పంపిన నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దుబాయ్ పోలీసుల ఈ-క్రైమ్ పేజీలో ఫిర్యాదు చేయొచ్చు. ఎదురు తిట్లు మాత్రం పంపకండి, ఆన్‌లైన్‌లో తిట్టడం కూడా అక్కడ కేసే.