950 మీటర్లే కదా అనుకుంటే

అలిపిరి మెట్ల మీదుగా తిరుమల ఎక్కినవాళ్లకి కొండ కొలత ఒంట్లోనే ఉంటుంది. 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి, ఎత్తు లెక్కన సుమారు 700 మీటర్లు. ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవాళ్లు కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తూ అక్కడి హెల్వెలిన్ కొండ ఎత్తు 950 మీటర్లని చూసి ఆ కొలతే వేసుకుంటారు. ఎక్కే ఎత్తు నిజంగానే ఇంచుమించు అంతే. కింద అల్స్‌వాటర్ సరస్సే 145 మీటర్ల మీద ఉంది కాబట్టి మిగిలేది 800. కానీ అక్కడ చెక్కిన మెట్లు, నెత్తిన పైకప్పు, దారి పొడుగునా కుళాయిలు ఉండవు. మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడితే మజ్జిగ ఇచ్చేవాళ్లూ ఉండరు. అసలు తేడా పైకి చేరాక తెలుస్తుంది. దిగడానికి బస్సు లేదు. ఎక్కిన కాళ్లే దింపాలి. అందుకని ఈ కొండల్లో రోజు లెక్క ఎక్కడం నుంచి కాదు, దిగడం నుంచి వేసుకోవాలి.

ముందు మ్యాపులో కనిపించే నాలుగు మాటలు. ఇక్కడ కొండని ఫెల్ అంటారు. టార్న్ అంటే కొండ మీది చిన్న చెరువు, బెక్ అంటే వాగు, హాజ్ అంటే కనుమ. వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడిన నార్స్ జనం వదిలి వెళ్లిన మాటలివి. (ఇన్ని సరస్సులున్న చోట పేరులో 'లేక్' ఉన్నది ఒక్క బాసెన్‌త్వైట్ లేక్‌కే. మిగతావన్నీ వాటర్‌లూ మియర్‌లూ.)

సమయానికి ఒక పాత లెక్కుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండలాయన చెప్పింది: ఐదు కిలోమీటర్లకి గంట, దానికి తోడు ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకి పది నిమిషాలు. అల్స్‌వాటర్ ఒడ్డునున్న గ్లెన్‌రిడింగ్ ఊరి నుంచి హెల్వెలిన్ చుట్టి రావడానికి సుమారు 13 కిలోమీటర్లు, 850 మీటర్ల ఎక్కుడు. లెక్క కడితే నాలుగు గంటలు వస్తుంది. ఆ నాలుగ్గంటలు గట్టి కాళ్లకి, ఆగని నడకకి. ఫొటోలు, భోజనం, చేతులు వాడాల్సిన రాళ్లు, మోకాళ్లు పట్టేసే దిగుడు కలుపుకుని ఒకటిన్నర రెట్లు వేసుకోండి. ఆరు గంటలు, పిల్లలుంటే ఏడు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. మాంచెస్టర్‌లో తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరి, దారిలో కాఫీకి ఆగి, పన్నెండున్నరకి నడక మొదలుపెట్టే అలవాటు వేసవిలో చెల్లుతుందేమో గానీ అక్టోబరు నుంచి చెల్లదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు క్యాట్‌బెల్స్‌తో మొదలుపెట్టడం మంచిది. ఎత్తు 451 మీటర్లు, పక్కనున్న డెర్వెంట్‌వాటర్ 75 మీటర్ల మీద ఉంది. కెజిక్ ఊళ్లో (రాతలో డబ్ల్యూ ఉన్నా పలకరు) కారు ఆపి, సరస్సు ఒడ్డున లాంచీ ఎక్కండి. లాంచీలు సరస్సు చుట్టూ రెండు వైపులా తిరుగుతాయి. గడియారానికి ఎదురు దిశలో వెళ్లేది ఎక్కితే నికల్ ఎండ్ తరవాత వచ్చే రేవే హాజ్ ఎండ్. కారు కొండ కిందికే తీసుకెళ్దామనుకోకండి. ఆ రోడ్డు ఒక బండికే సరిపోతుంది. గట్టు పక్కన ఆపిన కార్ల వల్ల బస్సులు ఇరుక్కుంటాయి, అవసరం పడితే అంబులెన్సూ ఇరుక్కుంటుంది.

హాజ్ ఎండ్ నుంచి దారి సూటిగా కొండ వెన్ను మీదికి ఎక్కుతుంది. రెండు చోట్ల చేతులు వాడాలి. ఒకటి దారి మధ్యలో స్మారక ఫలకం ఉన్న బండ దగ్గర, రెండోది శిఖరానికి కాస్త కింద. రెండూ కష్టమైనవి కావు. కానీ లక్షల బూట్లు రుద్ది రుద్ది ఆ రాయి గుడి గడపలా నునుపెక్కింది. వాన పడితే అక్కడే జారతారు, అదీ ఎక్కేటప్పుడు కాదు, వచ్చిన దారినే దిగేటప్పుడు. కాబట్టి వచ్చిన దారిన దిగకండి. శిఖరం దాటి దక్షిణంగా నడిస్తే హాజ్ గేట్ వస్తుంది. గేటేమీ ఉండదు, అదొక కనుమ. అక్కడ ఎడమకి తిరగాలి. పొగమంచులో కుడికి తిరిగినవాళ్లు న్యూలాండ్స్ లోయలో తేలతారు, లాంచీ కొండకి అవతలి వైపు ఉండిపోతుంది. ఎడమ దారి సరస్సు ఒడ్డున బ్రాండెల్‌హౌ అడవిలోకి దింపుతుంది. 1902లో ప్రకృతినీ పాత కట్టడాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ ఈ ప్రాంతంలో మొట్టమొదట కొన్న భూమి అదే. హై బ్రాండెల్‌హౌ రేవులో లాంచీ ఎక్కి కెజిక్ చేరొచ్చు. మూడు గంటల నడక. ఆఖరి లాంచీ ఎప్పుడో టికెట్ కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి, చలికాలంలో తిరిగేవి చాలా తక్కువ.

ఇది దిగాక మోకాళ్లు మర్నాడు పొద్దున ఏమంటాయో చూసుకుని, ఆ తరవాత హెల్వెలిన్ సంగతి.

హెల్వెలిన్‌కి పేరు తెచ్చింది స్ట్రైడింగ్ ఎడ్జ్, రెండు పక్కలా జారుడుగా పడిపోయే రాతి అంచు. పెన్రిత్ రైల్వే స్టేషన్ నుంచి 508 బస్సు గ్లెన్‌రిడింగ్ వస్తుంది. కారైతే పొద్దున్నే చేరాలి, ఎండ కాసే శనివారం పార్కింగ్ తొందరగా నిండిపోతుంది. ఊరి నుంచి మైర్స్ బెక్ వాగు వెంట ఎక్కితే రెండు గంటల్లో హోల్ ఇన్ ద వాల్ చేరతారు. పేరుకి గోడలో కన్నం, నిజానికి గోడని మెట్లెక్కి దాటాలి. ఈ రోజు మొత్తంలో ఆలోచించుకోవాల్సిన చోటు ఇదొక్కటే. ఇక్కడ నిలబడ్డప్పుడు గాలి మనిషిని తోస్తుంటే అంచు మీద ఇంకా గట్టిగా తోస్తుంది. రాళ్లు తడిసి ఉన్నా, గుంపులో ఒక్కరికి కళ్లు తిరుగుతున్నా, అక్కడి నుంచి దాదాపు సమతలంగా రెడ్ టార్న్‌కి దారుంది. మూడు వైపులా కొండ గోడల మధ్య, 718 మీటర్ల ఎత్తున ఉన్న చెరువు అది. దాని ఒడ్డున భోంచేసి వాగు వెంట దిగిపోతే ఆ రోజు ఏమీ పోయినట్టు కాదు.

ముందుకే వెళ్తే అంచు ఒకటిన్నర కిలోమీటరు. మొదట వెడల్పుగానే ఉండి, 863 మీటర్ల హై స్పయింగ్ హౌ దగ్గర సన్నబడుతుంది. చాలా దూరం కుడి పక్కన, రెడ్ టార్న్ వైపు, అంచుకి కొన్ని మీటర్ల కింద కాలిబాట ఉంటుంది. భయమున్నవాళ్లు దాని మీద నడవాలి. అంచు నెత్తి మీదే నడిచేవాళ్లకి చివర్లో చిమ్నీ అనే రాతి సందు ఎదురవుతుంది, దాంట్లోంచి కిందికి దిగాలి. ఎత్తు కొన్ని మీటర్లే. అయినా జనం బిగుసుకుపోయేది ఇక్కడే, ఎందుకంటే బయటికి మొహం పెట్టి దిగబోతారు. నిచ్చెన దిగినట్టు రాయికి మొహం తిప్పి, ఒక్కో కాలికి ఆనిక చూసుకుంటూ దిగితే పనైపోతుంది. ముందు దిగినవాళ్లు వెనకవాళ్ల పాదం ఎక్కడ పెట్టాలో చెప్పాలి. వీపున వేలాడే కెమెరా, చేతిలో ఫోన్, ఊతకర్రలు అన్నీ అంతకు ముందే సంచిలోకి వెళ్లిపోవాలి.

ఆ తరవాత సుమారు 80 మీటర్లు రాళ్లు కదిలే నిలువు ఎక్కుడు. ఒకరి కింద ఒకరు ఎక్కకండి, పై మనిషి దొర్లించిన రాయి కింది మనిషికి తగులుతుంది. పైన రాతి స్మారకం కనిపిస్తే గట్టెక్కినట్టే. 1805లో ఇక్కడ పడి చనిపోయిన చార్లెస్ గఫ్ అనే చిత్రకారుడిది. మూడు నెలల తరవాత శవం దొరికేదాకా ఆయన కుక్క పక్కనే ఉంది.

శిఖరం బల్లపరుపు. ఎంత చదునంటే 1926 డిసెంబరులో ఒక చిన్న విమానం ఇక్కడ దిగి, మళ్లీ ఎగిరిపోయింది. దానికీ ఒక రాయి పాతారు. చిక్కంతా ఆ చదునులోనే ఉంది. మబ్బు కమ్మితే ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. పడమర వాలు మెల్లగా దిగుతుంది, తూర్పున కొండ ఒక్కసారిగా తెగిపోతుంది. చలికాలంలో తూర్పు అంచు మీద మంచు చూరులా బయటికి పేరుకుంటుంది, కాలు కింద నేల ఉందనుకున్న చోట గాలే ఉంటుంది. కూర్చోవడానికి కూడిక గుర్తు ఆకారంలో కట్టిన రాతి గోడలున్నాయి. గాలి ఎటు నుంచి వస్తే దానికి అవతలి మూలలో కూర్చుని, దిగే దారి దిక్కు దిక్సూచితో చూసుకున్నాకే లేవండి.

దిగుడు స్విరల్ ఎడ్జ్ అనే ఇంకో రాతి అంచు మీదుగా. శిఖరం మీద సర్వేవాళ్లు కట్టిన కొలరాయి స్తంభం నుంచి వాయవ్యంగా సుమారు వంద మీటర్లు నడిస్తే అంచున రాళ్ల గుట్ట ఉంటుంది, దారి అక్కడే మొదలు. మొదటి పది నిమిషాలు నిలువుగా, రాళ్లు కదులుతూ ఉంటాయి. కూర్చుని జరగడంలో సిగ్గేమీ లేదు. కింద కనుమలో కుడికి తిరిగితే రెడ్ టార్న్. చెరువు నుంచి వాగు వెంట గ్రీన్‌సైడ్ దాకా దిగాలి. 1962లో మూతపడ్డ సీసపు గని అది. అక్కడి నుంచి ఊరి దాకా రాళ్ల బండిదారి. మడమ బెణికేది చాలాసార్లు ఈ చివరి దారిలోనే. అంచు దాటేశాం, ఇంకేముంది అని మాటల్లో పడతారు, కాళ్లేమో అలిసిపోయి ఉంటాయి. అన్నట్టు ఆ వాగు నీళ్లు తాగకండి. పైన గొర్రెలు, కింద సీసం.

ఈ అంచులేవీ వద్దు, శిఖరం మాత్రం కావాలంటే పడమర నుంచి విత్‌బర్న్ దారి ఉంది. కెజిక్ నుంచి విండర్మియర్ వెళ్లే 555 బస్సు అటే పోతుంది. మొదట అడవిలో నిట్టనిలువు, తరవాత రాళ్లు పరిచిన బాట, చేతులతో పనే లేదు. వెనక్కి తిరిగితే కింద కనిపించేది థర్ల్‌మియర్. సహజ సరస్సుకి ఆనకట్ట కట్టి 1894 నుంచి మాంచెస్టర్‌కి నీళ్లు పంపుతున్నారు. అక్కడుండే తెలుగువాళ్ల ఇళ్లలో చారు కాగేది ఈ నీళ్లతోనే అనుకోవచ్చు.

వాతావరణానికి ఫోన్‌లో ఊరి పేరు కొట్టి చూస్తే చాలదు, అది లోయ సంగతి చెబుతుంది. పర్వతాలకి విడిగా మెట్ ఆఫీసు (బ్రిటన్ వాతావరణ శాఖ) సూచన ఉంది, ఎండబ్ల్యూఐఎస్ (మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్) సూచన ఉంది. రెండోది గాలి మనిషిని ఏం చేస్తుందో, శిఖరాల మీద మబ్బు ఎంత ఉంటుందో మాటల్లో చెబుతుంది. గాలి గంటకి 40 మైళ్లు దాటుతుందంటే అంచు ఆలోచన మానుకోవాలి. చలికాలంలో నేషనల్ పార్కు మనిషి ఒకరు రోజూ హెల్వెలిన్ ఎక్కి పైన మంచు ఎలా ఉందో నివేదిక రాస్తారు. అందులో ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకి కట్టే ఇనప ముళ్లు) కావాలని ఉంటే, అవి వాడటం నేర్చుకోనివాళ్లకి ఆ రోజు కొండ లేనట్టే.

జీన్స్ వద్దు. తడిస్తే నూలు నీళ్లని పట్టుకుని ఒంటి వేడి లాగేస్తుంది. కింద 15 డిగ్రీలుంటే పైన పదికి పడిపోతుంది, గాలి వేరే. గొడుగు ఐదు నిమిషాల్లో తిరగబడుతుంది. టోపీ ఉన్న వానకోటు, ప్యాంటు మీద వాన ప్యాంటు, ఒక స్వెట్టరు అదనంగా, చేతి తొడుగులు, తలకి కట్టే లైటు. జూన్‌లోనైనా ఇవి ఉండాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. తిండికి పులిహోర బాగానే ఉంటుంది గానీ వణికే వేళ్లతో కలుపుకు తినడం కష్టం. చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ అయితే తొడుగులు తీయకుండానే తినొచ్చు.

ఫోన్ మ్యాపుతో పాటు కాగితం మ్యాపు కొనండి. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాటిలో హెల్వెలిన్‌కి ఓఎల్5, క్యాట్‌బెల్స్‌కి ఓఎల్4. నాలుగు సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోవాలి. దారి తప్పితే కిందికి దూకుడుగా దిగకండి. దిగగలిగిన బండ మళ్లీ ఎక్కలేనిదై, దాని కింద ఇంకో బండ ఉంటుంది. తెలిసిన చోటి దాకా వెనక్కి ఎక్కాలి. దెబ్బ తగిలితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూని (కొండల్లో కాపాడే దళాన్ని) అడగాలి. నేరుగా అంబులెన్స్ అంటే పోస్ట్‌కోడ్ అడుగుతారు, కొండకి అది ఉండదు. మాట్లాడేంత సిగ్నల్ లేకపోతే మెసేజ్ పంపొచ్చు, కానీ ఆ సదుపాయానికి ఇంటి దగ్గరే 999కి మెసేజ్ పెట్టి నమోదు చేసుకుని ఉండాలి. ఫోనే లేకపోతే ఈల: నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. వచ్చేవాళ్లంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, డబ్బు తీసుకోరు.

ఇక మబ్బు కొండల మీద నుంచి కదలని రోజున, అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉన్న రోజున అల్స్‌వాటర్ ఒడ్డు నడక. గ్లెన్‌రిడింగ్ రేవులో పడవ ఎక్కి హౌటౌన్‌లో దిగి, ప్లేస్ ఫెల్ పాదాల వెంట ఒడ్డు పట్టుకుని వెనక్కి నడవడం. పదీ పదకొండు కిలోమీటర్లు, నాలుగు గంటలు. స్టీమర్ అంటారు గానీ 1877 నాటి లేడీ ఆఫ్ ద లేక్ అనే పడవ కూడా ఇప్పుడు డీజిల్‌తోనే నడుస్తోంది. కొంత దూరం వేర్లు, తడి బండలు ఉంటాయి కాబట్టి చెప్పులతో, చీర కుచ్చిళ్లతో కుదరదు, బూట్లు కావాలి. పడవ ముందు, నడక తరవాత. తిరగేస్తే హౌటౌన్ రేవులో నిలబడి ఆఖరి పడవ వెళ్లిపోవడం చూడాల్సి వస్తుంది.