ఒకటో తేదీ

ఉదయం ఏడు కాకముందే వార్డు సచివాలయం ఉద్యోగి సత్యనారాయణపురంలోని మా ఇంటికి నా వికలాంగుల పింఛను తెచ్చారు. చంకకర్ర పట్టుకుని పట్టుకుని అరిగిపోయిన నా వేళ్ల ముద్ర రెండుసార్లు పడలేదు. మూడోసారి ఎడమచేతి ఉంగరపు వేలితో పడింది. 6,000 రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు. 2024 జూలైకి ముందు ఇది 3,000 ఉండేది.

ప్రతి నెలా ఆ డబ్బు అటునుంచి అటే ఇంటి ఖర్చులోకి వెళ్లేది. అన్నయ్యా వదినా నన్ను ఏనాడూ చిన్నచూపు చూడలేదు, అయినా పదిహేనేళ్లుగా జాకెట్లు కుట్టి సంపాదించిన నాకు నా పేరున చెప్పుకోవడానికి ఒక్క కుట్టుమిషను తప్ప ఏమీ లేదన్న సంగతి కొన్నాళ్లుగా నిద్ర పట్టనివ్వడం లేదు. అన్నయ్యకు అరవై దగ్గరపడుతున్నాయి.

అందుకే ఈ రోజు ఒంటరిగా బ్యాంకుకు వెళ్లాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ ఆ మొదటి మెట్టు నా పోలియో కాలికి అందదు కనుక ఆటోకు రానూపోనూ 160 రూపాయలు అయ్యాయి. బ్యాంకు ముందు నాలుగు మెట్లు ఉన్నాయి, ర్యాంపు లేదు. కౌంటరులోని ఆయన నా కర్ర వంక చూసి, "మీ వెంట ఎవరూ రాలేదామ్మా? మీ అన్నయ్యతో కలిపి జాయింటు ఖాతా తెరిస్తే మీకే సులువు కదా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అని ఉండవచ్చు, కానీ నాకు బాధ కలిగింది. ఆస్తి కలిగి ఉండటానికి, డబ్బు వ్యవహారాలు సొంతంగా చూసుకోవడానికి, అప్పు పొందడానికి మాకు అందరితో సమానంగా హక్కు ఉందని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోందని గొంతు వణుకుతున్నా పూర్తిగా చెప్పాను. ఆయన మరో మాట లేకుండా దరఖాస్తు ఇచ్చారు.

ఖాతాతో పాటు నెలకు 1,500 చొప్పున రికరింగ్ డిపాజిట్ కూడా మొదలుపెట్టాను. నామినీ గడి దగ్గర మాత్రం చాలాసేపు పెన్ను కదలలేదు. చివరకు మేనకోడలి పేరు రాశాను.

పేదరిక నిర్మూలన పథకాల్లో మాకు 5 శాతం కేటాయించాలని, అందులోనూ వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే నా సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం అని ఉంది. సోమవారం దాని జిరాక్సు తీసుకుని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కార్యాలయానికి వెళ్లి, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనుకు రుణం గురించి అడగాలి.